దాపటెద్దుకు చెప్పిన మాటలు

మా నాయిన నాతో రెండేళ్లు మాట్లాడలేదు. మాట్లాడలేదంటే నోరు మూసుకుని ఉన్నాడని కాదు. రోజుకు నాలుగుసార్లు తిట్టేవాడు, రెండుసార్లు పని చెప్పేవాడు, ఎప్పుడన్నా బుద్ధి పుడితే తిన్నానో లేదో కూడా అడిగేవాడు. కాకపోతే అవన్నీ ఎద్దుకు చెప్పేవాడు. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దును దాపటెద్దు అంటారు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే దాని మెడ మీద చెయ్యేసి, "ఏమయ్యా, పట్నం దొరవారు లేచిండ్రా? లేస్తే జర కుడితి కలుపుమను" అనేవాడు. ఎద్దు చెవి ఆడించేది. నేను పోయి కుడితి కలిపేవాణ్ణి.

దీనికంతటికీ మొదలు నా నోరే. డెబ్బైల చివర నేను హన్మకొండలో ఇంటర్ చదివి, ఒకసారి తప్పి, రెండోసారి కూడా తప్పి, ఒక రేకు పెట్టె, రెండు టెర్లిన్ అంగీలు పట్టుకుని ఊరికి తిరిగొచ్చాను. మా ఊరు పాలకుర్తికి అవతల, బస్సు దిగి ఇంకా రెండు కోసులు నడవాలి. పోయినవి రెండు సబ్జెక్టులు, అందులో ఒకటి ఇంగ్లీషు. అయినా ఊళ్లో నా మర్యాదకేమీ తక్కువ కాలేదు. చెట్టు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. పదో తరగతి దాటినవాడే లేని ఊళ్లో ఇంటర్ తప్పినవాడు పండితుడు. ఉత్తరాలు నాతో చదివించుకునేవాళ్లు, దవాఖాన చీటీలు నాకు చూపించేవాళ్లు. తెలియనిది ఏదైనా సరే, క్షణం కూడా ఆలోచించకుండా చెప్పేసేవాణ్ణి. తెలియదు అనే మాట నా నోటి వెంట వచ్చిన గుర్తు లేదు.

మా నాయినకు లోకంలో తెలిసిన విద్య ఒక్కటే, ఎద్దులను వెనక్కి నడిపించడం. చిన్నప్పటి నుంచీ ఆయన చేసింది మోట కొట్టడమే. ఎద్దులు బావి నుంచి ఏటవాలుగా దిగే బాట మీద ముందుకు నడుస్తుంటే తాడు బిగిసి తోలు బొక్కెన నిండుగా పైకి వస్తుంది. నీళ్లు కాలువలో పడ్డాక అవే ఎద్దులు వెనక్కి, పిరుదులు ముందు పెట్టుకుని, బావి గట్టు దాకా ఎక్కాలి. మళ్లీ దిగాలి. పొద్దుటి నుంచి ఎండెక్కే దాకా ఇదే. ముందుకు నడవడం ఏ పశువుకైనా వస్తుంది. వెనక్కి నడవడం నేర్పాలంటే ఏడాది పడుతుందని, అది అందరికీ చేతకాదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఊళ్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే కరెంటు మోటర్లు పెట్టించుకుంటున్నారు. ఈయన మాత్రం, "కరెంటు ఎప్పుడొస్తదో ఎవనికెర్క, ఎద్దు పిలిస్తే వస్తది" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నేను తిరిగొచ్చిన మూడో రోజు బావి దగ్గరికి పోయాను. నీళ్లకు వచ్చిన వాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. ఆయన మోట ఆపకుండానే అన్నాడు.

"రొండోసారి గూడ పోయిందటగద. ఇగ రేపటిసంది మోటకు రా."

"ఎద్దులను ఎనుకకు నడిపిచ్చుడు నాతోని కాదు," అన్నాను. "లోకమంత ముందటికి పోతాంటె నువ్వొక్కనివే ఎనుకకు పోతానవ్. మోటరు పెట్టుమని ఎన్నిసార్లు చెప్పిన. నీకు చెప్పుడు కంటె ఎద్దుకు చెప్పుడు నయం. అదన్న ఇంటది."

మోట ఆగింది. ఆయన తలపాగ విప్పి మొహం తుడుచుకున్నాడు. కోపం వస్తుందని, చెర్నాకోల లేస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఏమీ లేదు.

"గట్లనా," అన్నాడు. "మంచిది." తర్వాత దాపటెద్దు చెవి దగ్గరికి వంగి, అందరికీ వినబడేటట్టు, "ఇన్నవా అయ్య, ఇయ్యాల్టిసంది మనం మనం మాట్లాడుకుందాం. నువ్వన్న ఇంటవట" అన్నాడు.

నీళ్లకు వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వింది ఆయనను చూసే అని నేను అనుకున్నాను. ఒక పూట ఆట అనుకున్నాను. నా తండ్రి మొండితనం ఎంతటిదో అప్పటికింకా నాకు తెలియదు. అలా రెండేళ్లు గడిచాయి.

మా అమ్మ మొదట్లో ఏడ్చింది, తర్వాత ఇద్దరినీ తిట్టింది, ఆ తర్వాత అలవాటు పడింది. పొద్దున కొట్టంలో ఆయన మాటలు మొదలయ్యేవి. "అయ్యా, మనింట్ల ఒక ఆఫీసర్ సాబ్ ఉన్నడు. ఆయన చెప్పులు అరుగుతయని చెల్కకు రాడు. నువ్వు నాలుగు కాళ్లతోని వస్తవు గని రెండు కాళ్లాయన రాడు." నేను అటు చూడకుండా, ఎవరితోనూ కానట్టు, "ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి" అనేవాణ్ణి. ఆయన ఎద్దు గంగడోలు దువ్వుతూ, "నిన్నే అంటాండు, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ ఎద్దు ఇద్దరి మధ్య నిలబడి నెమరు వేసేది. ఆ ఇంట్లో బుద్ధిమంతురాలు మా అమ్మ అయితే, ఆమె తర్వాత ఆ ఎద్దే.

నాకు కావలసింది ఒక్కటే. ముందుగా ఆయనే ఓడిపోవాలి. ఆయనే నా మొహం చూసి, నన్ను పిలిచి, ఒక్క మాట నాతో మాట్లాడాలి. అప్పుడు నేను కాసేపు బెట్టు చేసి జవాబు ఇస్తాను. ఆ జవాబు కూడా తయారుగా పెట్టుకున్నాను. మళ్లీ పరీక్ష కట్టడం మీద లేని పట్టుదల నాకు దీని మీద ఉండింది.

ఆ రెండేళ్లలో ఊరు ఎండిపోయింది. మొదటి ఏడు వాన ఆలస్యంగా వచ్చింది, రెండో ఏడు నాలుగు చినుకులు రాలి ఆగిపోయింది. మోటర్లు పెట్టుకున్న మహానుభావుల బావుల్లో నీళ్లు అడుక్కు పోయి, మోటర్లు గాలి పీల్చి కాలిపోయాయి. వాటిని ఎడ్లబండ్ల మీద వేసుకుని వరంగల్‌కు తీసుకుపోయేవాళ్లు. బాగుచేసి తెచ్చేవాళ్లు. మళ్లీ కాల్చేవాళ్లు. సగం ఇండ్లకు తాళాలు పడ్డాయి. ఉన్నవాళ్లు కరువు పనికి పోయి చెరువులో మట్టి తీసేవాళ్లు. నీళ్లు లేని చెరువును లోతు చేసి ఏం చేస్తారని నేను వాళ్లను ఎగతాళి చేశాను. మా నాయిన మోట తాడుకు ఇంకో నాలుగు మూరలు అతికాడు. రోజుకు వంద బొక్కెనలు వచ్చేచోట ముప్పై వస్తున్నాయి. అయినా వాటితోనే రెండు మడుల వరి, కాస్త పచ్చగడ్డి బతికించాడు. ఊళ్లో చివరిదాకా నీళ్లు పారింది మా బావి కిందే. దానికి నేను సంతోషించి ఉండాల్సింది. నా వాదన ఓడిపోయినందుకు కోపం వచ్చింది.

మేత తక్కువైతే పశువు బక్కచిక్కుతుంది, బక్కచిక్కిన పశువుకు గోమార్లు పడతాయి. చెవుల వెనక, తొడ సందుల్లో, గంగడోలు కింద పట్టుకుని రక్తం తాగి చింతపిక్కలంత అవుతాయి. మధ్యాహ్నం మోట ఆపాక మా నాయిన నీడలో కూర్చుని ఒక్కొక్క గోమారునూ వేళ్లతో పీకి నిప్పుల కుంపట్లో వేసేవాడు. తర్వాత వేపనూనె రాసేవాడు. గంట పట్టేది. మర్నాటికి మళ్లీ పట్టేవి. ఆయన నా గురించి ఎక్కువగా మాట్లాడింది ఆ గంటలోనే. "అయ్యా, వానికి పిల్లనిచ్చెటోడు ఎవడు వస్తడంటవ్? ఉద్యోగం లేకపాయె, ఎవుసం రాకపాయె. నువ్వన్న ఒక మంచి సంబంధం చూడు." నేను వసారాలో పాత పేపరు అడ్డం పెట్టుకుని ప్రతి మాటా వినేవాణ్ణి. ఇంత చదువుకున్నవాడి కళ్ల ముందు ఒక మనిషి గంటసేపు గోమార్లు పీకుతూ కూర్చోవడం నాకు అవమానంగా ఉండేది.

మా అటక మీద ఒక డబ్బా ఉండేది. అంతకు ముందేడు గ్రామసేవక్ వచ్చి, కంది చేన్లకు పురుగు పడితే కొట్టమని ఇంటికొకటి పంచిపోయాడు. సమయానికి వాన లేక కందే మొలవలేదు, ఇంక పురుగెక్కడిది. డబ్బా అట్లాగే ఉండిపోయింది. మా భాషలో ఒక తిరకాసు ఉంది. డాక్టరు ఇచ్చేది మందు. పైరుకు బలానికి చల్లేది మందు. పురుగును చంపేది మందు. సారా కూడా మందే. అన్నిటికీ ఒకే పేరు పెట్టిన జాతికి ఏది ఎవరికి పోయాలో తెలియకపోవడంలో వింతేమీ లేదు. కానీ నేను ఆ జాతివాణ్ణి కాననుకున్నాను గదా. నేను ఇంగ్లీషు చదవగలవాణ్ణి.

ఒక రోజు మా నాయిన తెల్లారగట్లే లేచి, ఎద్దులను జొన్న చేను పక్కనుంచి తిప్పి తెచ్చి కొట్టంలో కట్టేసి, చినిగిన మోట బొక్కెన కుట్టించుకు రావడానికి పాలకుర్తికి నడిచిపోయాడు. పోతూ పోతూ దాపటెద్దుతో, "నేను వచ్చెదాక పైలం. ఇంట్ల చదువుకున్నోళ్లు ఉన్నరు" అన్నాడు. ఆ మాట నాకు కాలింది. అటకెక్కి డబ్బా దించాను. పుర్రె బొమ్మ కింద చిన్న అక్షరాలు, సగానికి తుప్పు. మిగిలినవాటి మీద కళ్లు పరుగెత్తించాను. అందులో క్యాటిల్ అనే మాట కనబడింది. క్యాటిల్ అంటే పశువులు. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఆ మాట గట్టిగా వచ్చు. ముందు ఏముంది, వెనక ఏముంది చూసే ఓపిక లేదు. చదవకముందే అర్థమైపోయే రోగం ఒకటి ఉంటుంది, అది నాకు ముదిరిపోయి ఉండింది.

"గిండ్లనే రాసుంది, పశువులకు పెట్టుమని," అని మా అమ్మకు చెప్పాను. ఆమె, "మీ నాయిన వచ్చినంక చూద్దాం తీయ్ బిడ్డా" అంది. నీకేం తెలుసని గసిరాను. ఆమె కూలి పనికి వెళ్లిపోయింది.

బకెట్లో కాసిన్ని నీళ్లు పోసి డబ్బాలో సగం కలిపాను. ముక్కులు పగిలే వాసన. గుడ్డ ముంచి దాపటెద్దు చెవుల వెనక, మెడ చుట్టూ, పొట్ట కింద, తొడల మధ్య మొత్తం రుద్దాను. అది కదలలేదు. రెండేళ్లుగా మనుషులు దాని ఒంటి మీద చెయ్యేసి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు, ఇదీ అలాంటిదే అనుకుని ఉంటుంది. రెండో ఎద్దు మాత్రం నన్ను దగ్గరికి రానివ్వలేదు, కాలు విసిరింది. దానికి నా చదువు మీద నమ్మకం లేదు. సరే నీ ఖర్మ అని వదిలేశాను.

గోమార్లు నిజంగానే రాలాయి. కాసేపటికి టపటపా కింద పడ్డాయి. నేను అరుగు మీద కూర్చుని మా నాయిన కోసం ఎదురుచూశాను. వచ్చి చూస్తాడు, ఆయన గంట పనిని నేను చిటికెలో చేసింది చూస్తాడు, అప్పుడు నాతో మాట్లాడక తప్పదు. మెచ్చుకుంటాడని అనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఎద్దు తన ఒళ్లు తాను నాక్కుంటుంది. ఇది ఊళ్లో అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకు తోచలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దాని నోటి నుంచి నురుగు కారడం మొదలైంది. కాళ్లు వణికాయి. ముందు కాళ్ల మీద కూలి, తర్వాత పక్కకు పడింది. పడేటప్పుడు మెడలోని పలుపు గుంజకు బిగుసుకుపోయింది. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పశువు చావుకు దగ్గరైందంటే ముందు పలుపు విప్పాలి. కట్టుతాడు మెడలో ఉండగా పశువు చస్తే ఆ పాపం ఇంటి యజమానిది. మా అమ్మ పని నుంచి వచ్చి చూసి, "పలుపన్న ఇప్పురా, కత్తితోనన్న కొయ్యిరా" అని మొత్తుకుంది. నాకు ఆ క్షణంలో ఉన్న పని వేరు. బకెట్ బోర్లించి, సగం డబ్బాను, గుడ్డను గడ్డివాములో దూర్చి, చేతులు మట్టిలో రుద్దుకుంటున్నాను. కత్తి పట్టుకుని వచ్చేసరికి ఎద్దు పోయింది. పలుపు మెడలోనే ఉంది.

కుట్టించిన బొక్కెన భుజాన వేసుకుని మా నాయిన అప్పుడే వచ్చాడు. అప్పటికే పది మంది చేరారు. ఆయన బొక్కెన దించి, ఎద్దు పక్కన గొంతుక్కూర్చున్నాడు. దాని నోటి దగ్గర మొహం పెట్టాడు. తర్వాత మెడ దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ముద్దు పెట్టుకుంటున్నాడనుకున్నాను. ఇంత మంది ముందు పశువును పట్టుకుని ఈ వేషాలేమిటని చిరాకు పడ్డాను.

గుంపులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఊళ్లో తగవులన్నీ ఆయన అరుగు మీదే తెగుతాయి. "ఏం మేసింది?" అని అడిగాడు. "నీళ్లు లేక గిడసబారిన జొన్న మేసిందా ఏంది?" లేత జొన్న వానల్లేక ఎండ దెబ్బ తింటే విషమవుతుంది. అది మేసిన పశువు నురుగు కక్కి చస్తుంది. ఇది అందరూ ఎరిగిన సంగతే.

మా నాయిన తల ఎత్తలేదు. "మేసింది," అన్నాడు. "పొద్దుగాల చేనుపొంటి తీస్కపోయిన. నేనే చూసుకోలే."

నా గుండె మీంచి బండ దిగినట్టయింది. ఆ మరుక్షణమే ఆయన మీద చులకన కూడా కలిగింది. నలభై ఏళ్లు ఎద్దులతో బతికిన మనిషికి ఎద్దు దేనితో చచ్చిందో తెలియలేదు. ఎవడు ఏది చెబితే అది నమ్మాడు. ఇంతటి అమాయకుడికి నేను రెండేళ్లు భయపడ్డానా అనుకున్నాను.

చచ్చిన పశువును తీసుకుపోయే హక్కు ఊళ్లో ఒక ఇంటివాళ్లది. తోలు వాళ్లదే, మాంసం వాళ్లదే. ఆ కరువులో వాళ్ల పిల్లలు కూర మొహం చూసి ఎన్నాళ్లయిందో. కబురు అందగానే ముసలాయన, కొడుకులు కత్తులు, కట్టె పట్టుకుని వచ్చారు. మా నాయిన అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్య. తోలు గూడ ఇయ్య. బొందపెడ్త."

"ఏంది పటేలా, మా తాతల కాన్నుంచి అస్తున్న హక్కు," అన్నాడు ముసలాయన. "నువ్వెన్నడు గిట్ల అనలే."

"హక్కే. తప్పు నాదే. ఇది మాత్రం అడగకు."

వాళ్లు తిట్టుకుంటూ పోయారు. ఊరు కూడా తప్పుపట్టింది. ఎద్దు మీద మోజుతో మనుషుల నోటి కాడి కూడు తీశాడన్నారు. నేనూ అదే అనుకున్నాను. మా నాయిన మెట్ట చెల్కలో గుంత తవ్వడం మొదలుపెట్టాడు. నేల రాయిలా ఉంది. మా అమ్మ నన్ను నెడితే పోయాను. గడ్డపార పట్టడం కూడా నాకు సరిగా రాదు. దెబ్బ వేస్తే ఇంత బెల్లంగడ్డంత మట్టి లేచేది. ఆయన లోపల నిలబడి తవ్వుతూ ఉన్నాడు, నేను మట్టి ఎత్తి పోశాను. పొద్దు గుంకేదాకా ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడించే ఎద్దు గుంత పక్కన పడి ఉంది. ఇక ఈయన నాకు పని చెప్పాలంటే ఎవరితో చెబుతాడు అన్న ఆలోచన వచ్చింది నాకు. నవ్వు కూడా వచ్చింది. అప్పుడు నేను ఎటువంటివాణ్ణో దీన్ని బట్టే తెలుసుకోవచ్చు.

రెండో రోజు పెద్దమనుషులు కూర్చున్నారు. పశువు పలుపు మీద చచ్చింది కాబట్టి దోషం కడుక్కోవాలన్నారు. దాని పద్ధతి ఇది. యజమాని ఆ పలుపునే తన మెడలో వేసుకుని, నోట్లో గడ్డిపరక పెట్టుకుని, అయిదు ఇండ్ల ముందుకు పోవాలి. మనిషి మాట మాట్లాడకూడదు. గడప ముందు నిలబడి పశువులా అరవాలి. వాళ్లు పోసే గింజలు పంచె కొంగులో పట్టుకుని, తీసుకొచ్చి బతికున్న పశువుకు పెట్టాలి. చివరికి తన ఇంటి గడప ముందు నిలబడితే పెద్దకొడుకు పలుపు విప్పాలి. ఒకప్పుడు తప్పకుండా చేసేవాళ్లట. నా ఎరుకలో ఎవరూ చేయలేదు. ఇది గట్టిగా పట్టుబట్టి చెప్పింది ఆ పెద్దాయనే. అంతకు ముందేడు ఆయన కొట్టంలోనే ఎద్దు చచ్చింది. చచ్చాక పలుపు విప్పి, చావకముందే విప్పినట్టు ఊరంతా చాటుకున్న మగాడు. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వాన రాని ఏడు ఎవడో ఒకడి పాపం కావాలి ఊరికి. తేరగా మా నాయిన దొరికాడు.

ఆయన కాదంటాడనుకున్నాను. "చేస్త," అన్నాడు.

ఆ సాయంత్రం నేను గడ్డివాములో చెయ్యి పెట్టి వెతికాను, డబ్బా ఎక్కడైనా పారేద్దామని. లేదు. గుడ్డా లేదు. గడ్డి లోపలికి జారిపోయి ఉంటాయనుకున్నాను.

మూడో రోజు పొద్దున మా నాయిన స్నానం చేసి, అంగీ లేకుండా, పలుపు మెడలో వేసుకుని బయటికి వచ్చాడు. ఎద్దు మెడకు నున్నగా అరిగిన తాడు అది. ఆయన సన్నటి మెడకు మూడు చుట్లు వచ్చింది. నేను దూరం దూరంగా వెనక నడిచాను. మొదటి ఇల్లు ఆ పెద్దాయనదే. గడప ముందు ఆగి మా నాయిన అరిచాడు. అది మనిషి ఎద్దును అనుకరించే అరుపు కాదు. సాయంత్రం పూట నీళ్ల తొట్టి దగ్గర ఆ దాపటెద్దు అరిచే అరుపే. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఆపేశారు. పెద్దాయన భార్య ఆయన మొహం చూడకుండా గింజలు పోసింది. పెద్దాయన మాత్రం అరుగు మీద కూర్చుని దర్జాగా చూశాడు.

రెండో ఇల్లు. మూడో ఇల్లు. మూడో ఇంటి ముందు ఆయనకు గొంతు పట్టుకుని దగ్గు వచ్చింది. గడ్డిపరక కింద పడితే వంగి తీసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. జొన్న కాదు, మందు, నేనే పూసిన. అయిదు మాటలు. ఇంటర్ రెండుసార్లు రాసిన చేతికి, ఊరందరి ఉత్తరాలు చదివిన నోటికి అవి రాలేదు. రాకపోగా లోపల ఆయననే తిట్టుకున్నాను. ఇంత సిగ్గులేనితనమేమిటి, పొమ్మంటే పోవడమేనా, వెన్నెముక లేని మనిషి అని. ఆ మాటలన్నీ ఎవరికి అతుకుతాయో తెలిసి కూడా ఆయన మీదే వేశాను.

అయిదు ఇండ్లు అయ్యాయి. ఆయన మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొంగులో దోసెడు గింజలు. మా అమ్మ తలుపు చాటున ఉంది. చూసేవాళ్లంతా వీధి అవతలే ఆగిపోయారు, దగ్గరికి రాకూడదు. ఆయన ఒకసారి అరిచాడు. నేను ముందుకు పోయి పలుపు పట్టుకున్నాను. ముడి బిగిసి ఉంది. నా వేళ్లు ఆయన మెడకు తగిలాయి. ఎప్పుడో చిన్నప్పుడు తప్ప నేను ఆయనను ముట్టుకున్న గుర్తు లేదు. చర్మం మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి చారలు. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పి తాడు చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు ఆయన మాట్లాడవచ్చు.

ఆయన నోట్లోని గడ్డిపరక తీసి పారేశాడు. నా మొహంలోకి చూశాడు. రెండేళ్లలో మొదటిసారి చూశాడు. చాలా మెల్లగా, మా అమ్మకు కూడా వినబడకుండా అడిగాడు.

"చేతులు మంచిగ కడుక్కున్నవా బిడ్డా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఎద్దు మెడ దగ్గర ఆయన అంతసేపు మొహం ఎందుకు పెట్టాడో, ఆ ఇంటి పిల్లలకు కూర ఎందుకు దక్కనివ్వలేదో, గడ్డివాములో డబ్బా ఎందుకు లేదో.

రెండేళ్లుగా తయారుగా పెట్టుకున్న జవాబు నా దగ్గర ఉండింది. అది ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. "కడుక్కున్న నాయినా," అన్నాను. అది కూడా అబద్ధమే. మట్టితో రుద్దుకుని ఊరుకున్నాను. ఆ చేత్తోనే మూడు రోజులుగా అన్నం తింటున్నాను.

ఆయన నా చేతులు రెండూ పట్టుకుని, మొహం దగ్గరికి తీసుకుని, వాసన చూశాడు.

"మల్ల కడుక్కో," అన్నాడు. "సబ్బు పెట్టి కడుక్కో. పో."

గింజలు తీసుకుని ఆయన మిగిలిన ఎద్దు దగ్గరికి కొట్టంలోకి పోయాడు. నేను పలుపు గడప మీద పెట్టి, సబ్బు తీసుకుని బావి దగ్గరికి పోయాను.